ముగ్గురున్న డిజైన్ ఆఫీసు: కస్టమర్ ఓకే అన్నాక కూడా ప్రెస్సులో తప్పులు రాకుండా ఏం చేయాలి?

ఒంగోలు లేఅవుట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒంగోలులో చిన్న డిజైన్ ఆఫీసు. డిజైనర్లు ఇద్దరు, ఆర్డర్లూ బిల్లులూ చూసేది నేను. గ్రానైట్ ఫ్యాక్టరీల బ్రోషర్లు, స్కూళ్ల అడ్మిషన్ పాంప్లెట్లు, షాపుల లోగోలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు చేస్తాం. మాకు మిషన్లు లేవు, ఆఫ్‌సెట్ పని బయట ప్రెస్సులో వేయిస్తాం.

డిజైన్ నచ్చలేదని వెనక్కొచ్చే పని తక్కువే. డబ్బు పోయేదంతా "ఓకే" అన్న మాటకీ అచ్చు మిషనుకి ఎక్కించే ప్లేటుకీ మధ్యలో. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు మేటరు పేస్టు చేస్తే ఒక సిస్టంలో బాగుంటుంది, ఇంకో సిస్టంలో వత్తులు విడిపోతాయి. పాత ఫైళ్లన్నీ "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. కరెక్షన్లు కొన్ని ఫోన్లో చెప్తారు, కొన్ని వాయిస్ మెసేజ్‌లో వస్తాయి, మిగతావి వాళ్ల బామ్మర్ది ఆఫీసుకొచ్చి చెప్తాడు. అచ్చయ్యాక తప్పు బయటపడితే ఎవరు భరించాలో తేలదు.

తెలుగు ఫైలు ప్రెస్సుకి ఏ రూపంలో పంపాలి, ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూసే కాపీ) ఎట్లా ఇవ్వాలి, ఎస్టిమేట్‌లో ఏం రాసుకోవాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

నెల్లూరు ప్రీప్రెస్

ముందు అక్షరాల సంగతి చూద్దాం. మిగతా చిక్కులు మాటలతో తేలతాయి గానీ ఇది తేలదు.

అను ఫాంటులో ఉన్నది కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. అందుకే ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి. వాట్సాప్‌లో వచ్చేది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి. అందులో "లక్ష్మి" అన్న మాటలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి వరసగా మాత్రమే ఉంటాయి. వాటిని కలిపి ఒక రూపం చేయాల్సింది సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్‌కి ఆ పని అసలు రాదు. అడోబీ కొత్త వాటికి వచ్చు, కానీ సెట్టింగు మనం వేయాలి.

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో "అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్" (అక్షరాల్ని కూర్చే భాగం) ఎంచుకోండి. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్‌లో "షో ఇండిక్ ఆప్షన్స్" టిక్కు పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" కంపోజర్ వేయాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్, టైప్‌లోనే ఆ ఇంజన్ మారుతుంది. ఇక్కడే అందరూ పొరపడతారు: సెట్టింగు మార్చినంత మాత్రాన అంతకుముందు ఫైల్లో ఉన్న టెక్స్టు బాక్సులు మారవు. వాటిని సెలెక్టు చేసి మళ్లీ కంపోజర్ వేయాలి. మీ రెండు సిస్టంలలో తేడా చాలావరకు దీనివల్లే. లైసెన్సు ఖర్చు వద్దనుకుంటే ఇంక్‌స్కేప్‌లోనూ, స్క్రైబస్ 1.5 తర్వాతి వెర్షన్లలోనూ వత్తులు సరిగ్గానే కూడతాయి.

ఒక చిన్న గుర్తు కూడా ఉంది, కంటికి కనపడదు. "సాఫ్ట్‌వేర్" అని టైపు చేసినప్పుడు ట పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. అది లేకపోతే ట కింద వ వత్తు చేరి "సాఫ్ట్వేర్" అయిపోతుంది, ఫ కింద రెండు వత్తులు కుప్పపడతాయి. ఫోన్లో కనిపించిన మాట పేజీలో మారిందంటే ముందు దీన్నే అనుమానించండి. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూ, ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అదర్‌లో నాన్-జాయినర్ దొరుకుతుంది. స్కూలు పాంప్లెట్లలో, హాస్పిటల్ బోర్డుల్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువ కాబట్టి ఈ తప్పు వాటిలోనే ఎక్కువ వస్తుంది.

లైన్ల మధ్య ఖాళీ గురించి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఖాళీ అక్షరం సైజుకి 120 శాతం. అది ఇంగ్లీషుకి చాలు. మనకి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో రెండేసి వత్తులు దిగుతాయి. 140 నుంచి 160 శాతం ఇవ్వండి. 10 పాయింట్ల అక్షరానికి 15 పాయింట్లు పెడితే హాయిగా చదవొచ్చు. అక్షరాల మధ్య దూరం తగ్గించి మేటరు ఇరికించొద్దు. య వత్తు పక్కకి వచ్చి పక్క అక్షరాన్ని తగులుతుంది.

ఫాంట్లకి కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మండలి, మల్లన్న, సూరన్న, ఎన్టీఆర్, పెద్దన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అచ్చుకి, లోగోకి వాడుకోవచ్చు, అడ్డు లేదు. బాడీ మేటరుకి మండలి బాగుంటుంది. హెడ్డింగుకి రామభద్ర. సన్నం నుంచి లావు దాకా రకాలు కావాలంటే అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు. రామభద్రకి ఉన్నది ఒకటే మందం, దానిమీద మళ్లీ బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ బోల్డ్ చేసి సున్నాల లోపలి ఖాళీలు పూడ్చేస్తుంది.

ప్రెస్సుకి ఇచ్చేది పీడీఎఫ్/ఎక్స్-1ఏ, అంటే ఫాంట్లన్నీ లోపలే ఇమిడి ఉండే ప్రింటింగ్ పీడీఎఫ్. ఓపెన్ ఫైలు ఇవ్వొద్దు. అవతలి సిస్టంలో ఫాంటు, కంపోజర్ ఎట్లా ఉన్నాయో మనకి తెలియదు. వాళ్లు కోరల్ ఫైలే కావాలంటే టెక్స్టు మొత్తం కర్వ్స్ చేసి (అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చి) ఇవ్వండి, మళ్లీ మార్చగలిగే లైవ్ టెక్స్టు ఉన్న కాపీ మీ దగ్గర విడిగా ఉంచుకోండి. కర్వ్స్ చేసిన హెడ్డింగుకి ఔట్‌లైన్ వేస్తే, కొన్ని ఫాంట్లలో అక్షరం వత్తుతో కలిసే చోట లోపల అడ్డగీత కనపడుతుంది. ముక్కల్ని కలిపేసే యునైట్ లేదా వెల్డ్ కొడితే పోతుంది.

ప్రతి కొత్త సిస్టంలో ఒక పరీక్ష లైను అచ్చు తీసి గోడకి అంటించండి: "స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, కాత్యాయని, సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్". ఇవి సరిగ్గా వస్తే మిగతావి దాదాపు అన్నీ వస్తాయి.

కావలి డెస్క్

పై అన్న అక్షరాలు చెప్పాడు, నేను ప్రూఫ్ చెప్తా.

మీ అసలు సమస్యకి ఒకటే మందు: ఓకే చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ ఓకే ఒక నంబరున్న ఫైలుకే ఉండాలి. పని ఒప్పుకున్న రోజునే ఆయన పేరు, ఫోను ఆర్డర్ ఫారంలో రాయించుకోండి. బామ్మర్ది చెప్పిన మార్పు కూడా ఆయన ఫోను నుంచి టైపు చేసిన మెసేజ్‌గా రావాలి. వాయిస్ మెసేజ్ వస్తే మీరే దాన్ని 1, 2, 3 అని రాసి "ఇవేనా సార్?" అని తిరిగి పంపి, అవునన్నాకే ఫైలు తెరవండి. దీనికి పట్టేది అయిదు నిమిషాలే.

ఫైలు పేరులో "ఫైనల్" అన్న మాట వాడొద్దు. జాబ్ నంబరు, పని పేరు, వెర్షన్ నంబరు, అంతే. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. ప్లేటు తీసేచోట తెలుగు పేరున్న ఫైళ్లు కొన్నిసార్లు తెరుచుకోవు. ఆ వెర్షన్ నంబరు ప్రూఫ్ కింద అంచులో చిన్నగా కనపడాలి, కటింగులో పోయేచోట.

మేటరు పూర్తిగా రాకుండా డిజైన్ మొదలుపెట్టొద్దు. "ముందు డిజైన్ చెయ్యండి, మేటరు తర్వాత పంపుతాం" అన్న పనికి రెండింతల టైము పడుతుంది.

ప్రూఫ్ చూసే పద్ధతి: స్క్రీను మీద కాదు, అసలు సైజులో నలుపు తెలుపు ప్రింటు తీయండి. ఇద్దరు కూర్చోండి. ఒకరు కస్టమర్ పంపిన మేటరు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద పెన్ను ఆనించి వెంట రావాలి. డిజైన్ చేసినవాడే ప్రూఫ్ చూడకూడదు, వాడి కళ్లకి తప్పు ఆనదు. ఫోన్ నంబర్లు చదివితే సరిపోదు, ప్రూఫ్ మీద చూసి డయల్ చేయాలి. క్యూఆర్ కోడ్‌ని ఆ ప్రింటు మీదే స్కాన్ చేయాలి. 2 సెంటీమీటర్ల కన్నా చిన్నగా పెట్టొద్దు, చుట్టూ తెల్ల ఖాళీ వదలండి. తేదీ పక్కన వారం ఉంటే క్యాలెండర్ తీసి చూడండి. పెళ్లి కార్డుల్లో, ఓపెనింగ్ కార్డుల్లో ఎక్కువ తప్పులు ఈ తేదీ-వారం జతలోనే వస్తాయి. ఇంటిపేర్లు, ఇనీషియళ్లు, డిగ్రీలు మీరు సరిదిద్దొద్దు. వాళ్లు రాసినట్టే ఉంచి, అనుమానం ఉంటే అడగండి.

తర్వాత వాళ్లు పంపాల్సిన వాక్యం మీరే రాసివ్వండి: "వెర్షన్ 4 లోని పేర్లు, నంబర్లు, అడ్రసు, తేదీలు సరిచూశాను. ప్రింటుకి పంపండి." ఉత్త "ఓకే", బొటనవేలి బొమ్మ ఒప్పుకోవద్దు.

ఇక భరించేదెవరు అన్నదానికి జవాబు దీన్నుంచే వస్తుంది. ఓకే అయిన వెర్షన్‌లోనే తప్పుంటే రీప్రింటు కస్టమర్‌ది. ఓకే తర్వాత ఫైల్లో మారితే మీది. రంగు, కటింగు, రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడటం) తేడా వస్తే ప్రెస్సుది. అందుకే ఓకే అయ్యాక ఒక్క చుక్క మార్చినా వెర్షన్ నంబరు పెరగాలి, మళ్లీ వాక్యం రావాలి. "చిన్నదే కదా" అని మార్చినప్పుడు పక్క లైను జరిగి ఫోన్ నంబరులో చివరి అంకె బాక్సు బయటికి పోతుంది.

ఫొటోల గురించి ఒక మాట. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకి తగ్గిపోతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన అది 13.5 సెంటీమీటర్లకే చాలుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఒంగోలు లేఅవుట్

చాలా ఉపయోగం అన్నా. ఇంకొకటి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కలుండే నల్ల గ్రానైట్) బ్రోషర్లలో రాయి స్క్రీను మీద బ్రహ్మాండంగా ఉంటుంది, అచ్చులో బొగ్గులా వస్తోంది. ఆ బంగారు చుక్కలే కనపడటం లేదు. కొనేవాడు చూసేది ఆ చుక్కల్నే కదా.

నెల్లూరు ప్రీప్రెస్

ఇది రెండు చోట్ల పోతుంది.

మొదటిది ఫొటోలో. పాలిష్ రాయి అద్దం లాంటిది. ఫ్లాష్ ఎదురుగా కొడితే ఫొటోగ్రాఫరే అందులో కనపడతాడు, నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. లైటు ఒక పక్క నుంచి ఏటవాలుగా వేయండి, కెమెరా వెనక నల్లగుడ్డ కట్టండి. లైటు కొంచెం కొంచెం జరుపుతుంటే ఒక కోణంలో చుక్కలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. అక్కడ ఆపండి. స్లాబు మొత్తం ఒక ఫొటో, అరచేతి మేర దగ్గర నుంచి ఒక ఫొటో రెండూ పెట్టండి. స్లాబు ఫొటోని బ్రోషర్ సైజుకి తగ్గిస్తే చుక్క ఒక డాట్ కన్నా చిన్నదైపోతుంది, దాన్ని ఏ ప్రెస్సూ నిలబెట్టలేదు.

రెండోది సిరాలో. ఆర్‌జీబీ (స్క్రీను రంగుల) ఫొటోని అట్లాగే సీఎంవైకేకి, అంటే అచ్చులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలకి, మారిస్తే నలుపు చోట నాలుగు రంగులూ దట్టంగా చేరతాయి. ఆర్టు పేపరుకి (నున్నటి పూత ఉన్న కాగితం) నాలుగూ కలిపి 300 శాతం దాటొద్దు. దాటితే సిరా ఆరదు, వెనక షీటుకి అంటుతుంది, చుట్టూ ఉన్న సిరా పాకి చుక్కని మింగేస్తుంది. రాయి నల్లటి నేపథ్యానికి సయాన్ 50, మెజెంటా 40, పసుపు 40, నలుపు 95 దగ్గర పెట్టండి, మొత్తం 225 అవుతుంది. చుక్కల్లో సయాన్ దాదాపు తీసేసి పసుపు, కొంచెం మెజెంటా ఉంచండి. గ్లాసీ (మెరిసే) ల్యామినేషన్ వేయించండి. మ్యాట్ (మెరుపులేనిది) వేస్తే నలుపు పాలిపోయినట్టు ఉంటుంది.

పనిలో పనిగా బాడీ మేటరు సంగతి: నల్ల అక్షరాలు నలుపు 100, మిగతా మూడూ సున్నా ఉండాలి. వర్డ్ నుంచో ఫొటోషాప్ నుంచో వచ్చిన నలుపులో నాలుగు రంగులూ ఉంటాయి. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్న వత్తుల పక్కన ఎర్ర నీడ, నీలి నీడ వస్తుంది. తెలుగుకి ఇది ఇంగ్లీషు కన్నా ఎక్కువ దెబ్బ.

చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగులో పోయే అదనపు అంచు) ఇవ్వండి, లోపలికి 5 మిల్లీమీటర్ల దాకా మేటరు రాకూడదు. ఏ4 మూడు మడతల బ్రోషర్ అయితే మడతలు సమానంగా పెట్టొద్దు. 100, 100, 97 మిల్లీమీటర్లు. లోపలికి పోయే రెక్క ఆ 97ది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కార్డు మడవాలంటే ముందు క్రీజింగ్ (మడత చోట నొక్కుడు గీత) వేయించాలి. క్రీజింగ్ లేకుండా మడిస్తే మడత మీద నల్ల సిరా పగిలి తెల్లగీత పడుతుంది, గ్రానైట్ బ్రోషర్లలో అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పుస్తకంలా పిన్ను కొట్టేదైతే పేజీలు నాలుగు గుణిజాల్లో (8, 12, 16) ఉండాలి.

ఫ్లెక్సీ కొలతలు

నాది ఫ్లెక్సీ వైపు, క్లుప్తంగా చెప్తా. 10 అడుగులు ఇంటు 4 అడుగుల ఫ్లెక్సీకి అసలు సైజులో 72 డీపీఐ చాలు, అంటే 8640 ఇంటు 3456 పిక్సెళ్లు. 300 డీపీఐతో పంపితే మిషను దగ్గర ఫైలు తెరవడానికే పావుగంట పోతుంది, అచ్చులో తేడా ఏమీ ఉండదు. అంచుల్లో 3 అంగుళాలు మేటరు లేకుండా వదలండి, ఫ్రేముకి చుట్టి మేకులు కొట్టేది అక్కడే. అక్షరం ఎత్తు: 10 అడుగుల దూరానికి అంగుళం. ట్రంకు రోడ్డు అవతలి వైపు నుంచి, 50 అడుగులనుకుంటే, 5 అంగుళాలు. ఈ ఎత్తు వత్తులూ గుడులూ వదిలేసి ఉత్త "అ" కొలిచి చూసుకోవాలి.

లెక్కల పుస్తకం

ఎస్టిమేట్ గురించి అడిగారు కదా, ఇదిగో.

ముందు మీ గంట ఖర్చు తెలియాలి. ఉదాహరణకి జీతాలు, అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి నెలకి 90,000 అనుకుందాం. డిజైనర్ 8 గంటలు కూర్చున్నా బిల్లుకెక్కే పని 5 గంటలకి మించదు. ఇద్దరు, 25 రోజులు, 5 గంటలు: 250 గంటలు. 90,000ని 250తో భాగిస్తే గంటకి 360. దానిమీద 25 శాతం వేస్తే 450. లోగోకి 20 గంటలు పడితే 9,000 అడగాలి, 7,200 కన్నా తక్కువకి ఒప్పుకుంటే చేతి డబ్బు పోతున్నట్టే.

ఎస్టిమేట్‌లో రాయాల్సినవి: ఎన్ని మోడళ్లు చూపిస్తారు, ఎన్నిసార్లు కరెక్షన్లు, ఆపైన ఒక్కో విడతకి ఎంత, మేటరు చేతికొచ్చిన రోజు నుంచి ఎన్ని రోజులు, ఎస్టిమేట్ ఎన్నాళ్లు చెల్లుతుంది. రెండు మోడళ్లు, రెండు విడతలు పెట్టుకోండి. విడత అంటే అన్ని మార్పులూ ఒకే లిస్టులో వచ్చినది, రోజుకొకటి చెప్పింది కాదు, అని కూడా రాయండి. డబ్బు: 50 శాతం అడ్వాన్సు, ప్రూఫ్ ఓకే రోజు 30, ఫైలు ఇచ్చే ముందు 20. ప్రింటింగ్ ఖర్చు మాత్రం ప్లేటుకి పోకముందే మొత్తం తీసుకోండి. ప్రెస్సువాళ్లు పేపరు అప్పుగా ఇచ్చినా మీ డబ్బు ఇరుక్కోకూడదు.

ప్రింటింగ్ వేరే లైనుగా చూపండి. లెక్క మీరే వేయగలగాలి. 1/8 డెమీ పాంప్లెట్, అంటే కట్ చేశాక 5.5 ఇంటు 8.5 అంగుళాలు, 18 ఇంటు 23 అంగుళాల డెమీ షీటులో 8 వస్తాయి. 4000 పాంప్లెట్లకి 500 షీట్లు, అంటే ఒక రీము. 90 జీఎస్ఎం అయితే ఆ రీము 12 కిలోల దగ్గర ఉంటుంది. రంగు కుదిరేదాకా పోయే షీట్లు దీనికి అదనం, ప్రెస్సువాళ్లని అడిగి ముందే కలపండి.

జీఎస్టీ: సేవలకి మన రాష్ట్రంలో ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, డిజైన్ పనికి 18 శాతం. చాలామంది మరిచేది: ప్రింటింగ్ కూడా మీ బిల్లులోనే వేస్తే ఆ మొత్తం కూడా మీ టర్నోవరే. డిజైన్ 8 లక్షలే అయినా ప్రింటింగ్ 13 లక్షలు కలిస్తే గీత దాటారు. పెద్ద ప్రింటు పనులకి ప్రెస్సు బిల్లు నేరుగా కస్టమర్ పేరు మీద వేయించి, మీరు డిజైన్‌కీ, ప్రింటు దగ్గరుండి చూసినందుకూ బిల్లు వేయండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. డబ్బులడిగితే అది అసలు సైటు కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కస్టమర్ మీకు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్నులో కూడా, గడువు దాటిన బాకీ కట్టేదాకా ఆ ఖర్చుని వాళ్ల లెక్కలో చూపుకోలేరు. ఉద్యం నంబరు బిల్లు మీద అచ్చు వేయండి. కంపెనీల ఆడిటరు దాన్ని చూసి తనే తొందరపెడతాడు.

లోగో హక్కుల గురించి ఎవరూ అనలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మీ ఉద్యోగి గీసింది ఆఫీసుదే. బయట ఫ్రీలాన్సరు గీసిన లోగో మాత్రం రాసి సంతకం పెట్టి బదిలీ చేస్తేనే మీ చేతికి వస్తుంది. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లకే, ఎక్కడో రాయకపోతే ఇండియాకే. గ్రానైట్ ఎగుమతిదారుడి లోగోకి ఇది పెద్ద తేడా. "ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం" అని స్పష్టంగా రాయించుకోండి. కస్టమర్‌కి మీరిచ్చే బదిలీ కాగితంలోనూ అదే వాక్యం పెట్టి, పూర్తి డబ్బు అందిన రోజు నుంచి చెల్లుతుందని చేర్చండి.

ఒంగోలు లేఅవుట్

అందరికీ ధన్యవాదాలు. చివరిగా పాత అను ఫైళ్లు. వందల్లో ఉన్నాయి, అన్నీ యూనికోడ్‌లోకి మార్చాలా?

నెల్లూరు ప్రీప్రెస్

అన్నీ వద్దు. ఏటా మళ్లీ వచ్చేవి, అంటే స్కూళ్ల పాంప్లెట్లు, ప్రైస్ లిస్టులు, లెటర్‌హెడ్లు మాత్రం ఆర్డరు వచ్చినప్పుడు మార్చండి. మిగతావాటికి ఇప్పుడున్న సిస్టంలోనే పీడీఎఫ్ తీసి, ఆ ఫైలు, వాడిన ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఆ సిస్టం ఒకరోజు లేవకపోతే ఫాంట్లు కూడా పోతాయి కాబట్టి రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి ఆఫీసు బయట. ఏ వెర్షన్ అనుదో రాసిపెట్టండి, కన్వర్టరులో అదే ఎంచుకోవాలి.

మార్చేటప్పుడు ఫైలు మొత్తం ఒకేసారి కన్వర్టరులో వేయొద్దు. అందులో ఇంగ్లీషు మాటలు, ఈమెయిల్, వెబ్‌సైటు పేర్లు ఉంటే వాటినీ తెలుగు ముక్కలే అనుకుని మార్చేస్తుంది. తెలుగు పేరాలు మాత్రమే తీసి మార్చి, ఇంగ్లీషు భాగాలు, ఫోన్ నంబర్లు పాత ఫైలు నుంచి విడిగా తెచ్చుకోండి. మారిన మేటరుని కొత్త మేటరులాగే ఇద్దరు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ముఖ్యంగా ఐత్వాలు, ఋ, విసర్గ, కొటేషన్ గుర్తులు చూడండి. ఒక పేజీ పాంప్లెట్టుకి ఇదంతా అరగంట పని.